డైనమిక్స్ 365 (మైక్రోసాఫ్ట్ వ్యాపార సాఫ్ట్‌వేర్): మేనేజర్‌ది ఒక బిజినెస్ యూనిట్ (సంస్థలోని విభాగం), కింది ఉద్యోగిది మరొకటి. రికార్డులు కనిపించాలంటే ఎలా?

డేటావర్స్‌లో (డైనమిక్స్ డేటా ఉండే చోటు) హయరార్కీ సెక్యూరిటీ, అంటే కిందివారి రికార్డులు పైవారికి తెరిచే ఏర్పాటు, మేనేజర్ మోడల్‌లో ఉంది: ఎవరికి ఎవరు మేనేజర్ అన్నదాన్ని బట్టి నడుస్తుంది. హైదరాబాద్, విజయవాడ రెండు పక్కపక్క బిజినెస్ యూనిట్లు. విజయవాడ ఏరియా మేనేజర్‌కు హైదరాబాద్‌లోని ఒక సేల్స్ ఎగ్జిక్యూటివ్ రిపోర్ట్ చేస్తారు. యూజర్ రికార్డులో మేనేజర్ ఫీల్డు సరిగ్గానే ఉంది, ఆపర్చ్యూనిటీ (అమ్మకం అవకాశాల) టేబుల్‌పై మేనేజర్‌కు యూజర్ స్థాయి రీడ్ (తన రికార్డులు చూసే హక్కు) ఉంది, డెప్త్ (ఎన్ని మెట్ల కిందివరకు కనిపించాలన్న సెట్టింగ్) కూడా చాలు. అయినా ఆ ఎగ్జిక్యూటివ్ రికార్డులు మేనేజర్‌కు కనిపించవు.

కారణం తెలిసిందే: ఈ మోడల్‌లో మేనేజర్ అదే యూనిట్‌లోగాని, దాని పై యూనిట్‌లోగాని ఉండాలి. మేనేజర్‌ను పై యూనిట్‌కు మారిస్తే ఇది తీరుతుంది, కానీ యూనిట్ స్థాయి రోల్స్ (హక్కుల కట్టలు) అన్నీ తారుమారవుతాయి. హైదరాబాద్ యూనిట్ రోల్ కూడా ఇస్తే ఒక్కరి కోసం ఆ యూనిట్ మొత్తం తెరిచినట్టే, అది అసలు వద్దు.

రెండో మోడల్ అయిన పొజిషన్ మోడల్‌కు (మేనేజర్ ఫీల్డుకు బదులు హోదాల వరుసను బట్టి నడిచేది) యూనిట్ల అడ్డు లేదు. అక్కడ చిక్కు వేరు. ఏరియా మేనేజర్లందరినీ ఒకే పొజిషన్‌లో పెడితే, కింది పొజిషన్‌లోని వాళ్లందరి రికార్డులూ ప్రతి మేనేజర్‌కూ తెరుచుకుంటాయి, మార్చే హక్కుతో సహా. రెండు మోడళ్లూ ఒకేసారి నడవవు.

అడిగేది ఇదీ: ఒక్కో మేనేజర్‌కు ఒక్కో పొజిషన్ పెట్టి నడిపినవారు ఉన్నారా? బదిలీలప్పుడు పొజిషన్ మార్పును పవర్ ఆటోమేట్‌తో (పనులను దానంతటదే చేసే మైక్రోసాఫ్ట్ సాధనం) చేయిస్తున్నారా? లేక మేనేజర్ మోడల్‌నే ఉంచి, ఇలాంటి కొద్దిమంది రికార్డులను యాక్సెస్ టీమ్‌తో (ఎంచుకున్న రికార్డులను సభ్యులతో పంచుకునే బృందం) ఇవ్వడం మేలా? అలాగైతే మేనేజర్ మారిన రోజున పాతవారిని టీముల్లోంచి తీసేయడం ఎలా చేస్తున్నారో దయచేసి వివరంగా చెప్పండి. ఆ తొలగింపు తప్పిపోతుందేమోనన్నదే ప్రధాన భయం.