స్పానిష్ "ఆనిమో"ని ఇంగ్లీషులో ఏమనాలి?

ప్రశ్న: స్పానిష్ నుంచి ఇంగ్లీషులోకి అనువాదం నేర్చుకుంటున్నానండి. పరీక్ష రాయబోయేవాళ్లకీ, మంచం పట్టినవాళ్లకీ, పరుగు పందెంలో అలసిపోయినవాళ్లకీ అందరికీ "ఆనిమో!" అనే అంటున్నారు, డిక్షనరీలో చూస్తే స్పిరిట్, మూడ్ అని ఉంది. ఏది పెట్టాలి?

జవాబు: ఒకే మాట పెట్టకండి. దిగులుగా ఉంటే "చీర్ అప్", పందెంలో అయితే "కమాన్!", జబ్బు మనిషికి "హ్యాంగ్ ఇన్ దేర్". జబ్బు మనిషిని చీర్ అప్ అంటే మనసు నొచ్చుకుంటుంది, అది మాత్రం వద్దు. మూలం లాటిన్ "ఆనిముస్", అంటే మనసు. మన "ధైర్యంగా ఉండు" చాలా దగ్గర.

మరో జవాబు: మెక్సికోలో "ఏచలె గానాస్" కూడా వింటారు. గానాస్ అంటే చేయాలన్న కోరిక. "గివ్ ఇట్ యువర్ ఆల్" సరిపోతుంది.

ఇంకో జవాబు: "సీ సె పువేదె" కూడా చూడండి. 1972లో అమెరికాలోని అరిజోనాలో వ్యవసాయ కూలీల పోరాటంలో కూలీ సంఘం నాయకురాలు డొలొరెస్ వెర్తా ఇచ్చిన నినాదం. అక్షరాలా "అవును, సాధ్యమే" అని, అందులో "మనం" లేదు. ఇంగ్లీషులో "ఎస్ వీ కెన్" అన్నాక చేరింది. గుంపుగా అరిచే మాట కాబట్టి నాకైతే ఆ చేర్పు నచ్చింది.

అడిగినవారు: చాలా థాంక్సండి, జబ్బు మనిషి వాక్యం ఇప్పుడే మార్చేశాను.