బిషప్ హిల్ ఊరి చరిత్ర, జనాభా: మోలీన్‌కు కొత్తగా వస్తున్నవారికి

ప్రశ్న: అందరికీ నమస్కారం. వచ్చే నెలలో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం మోలీన్‌లో, ట్రాక్టర్లు తయారుచేసే జాన్ డీర్ కంపెనీ ప్రధాన కార్యాలయంలో ఉద్యోగంలో చేరబోతున్నాను. ఇంటి కోసం చుట్టుపక్కల వెతుకుతుంటే హెన్రీ కౌంటీలో బిషప్ హిల్ అనే ఊరు కనిపించింది. ఊరు ఎంతో అందంగా ఉంది కానీ జనాభా నూట ముప్ఫై లోపే. అంత తక్కువ మందితో ఊరు ఎలా నిలిచిందో, అక్కడ కాపురం పెట్టవచ్చో లేదో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: నమస్కారమండీ. ఈ ప్రాంతానికి వచ్చే మనవాళ్ళలో చాలామంది ఆ ఊరిని దారిలో ఓ వింతగా చూసి వెళ్ళిపోతారు. మీరు జనాభా గురించి అడిగారు కనుక, ఆ అంకె వెనక ఉన్న కథంతా చెప్పాలనిపించింది.

బిషప్ హిల్‌ను 1846లో స్వీడన్ నుంచి వచ్చిన ఒక మతవర్గం స్థాపించింది. వాళ్ళ బోధకుడు ఎరిక్ యాన్సన్. బైబిలు ఉండగా వేరే మతగ్రంథాలు అక్కర్లేదని 1844లో స్వీడన్ అధికారిక చర్చి అయిన లూథరన్ శాఖ పుస్తకాలను బహిరంగంగా తగలబెట్టించి అరెస్టయినవాడు. చర్చి గురువు లేకుండా ఇళ్ళలో ప్రార్థనలకు గుమికూడటం ఆ రోజుల్లో స్వీడన్‌లో చట్టవిరుద్ధం. అందుకే వందలాది కుటుంబాలు ఉన్నదంతా అమ్ముకుని, ఆ డబ్బు ఉమ్మడి నిధిలో వేసి, అట్లాంటిక్ దాటి, కాలువల మీదుగా, పెద్ద సరస్సుల మీదుగా షికాగో చేరి, అక్కడి నుంచి చాలామంది కాలినడకన ఈ గడ్డిమైదానాలకు వచ్చారు. ఊరికి పేరు కూడా యాన్సన్ పుట్టిన బిస్కోప్స్‌కుల్లా నుంచే వచ్చింది.

మొదటి చలికాలం ఘోరంగా గడిచింది. ఇళ్ళు కట్టుకునే వ్యవధి లేక వాగు గట్టును తవ్వి, ఆ మట్టి గుహల్లో తలదాచుకున్నారు. వసంతం వచ్చేలోపే వంద మందికి దగ్గరగా చనిపోయారు. 1849లో కలరా వచ్చి ఇంకా ఎక్కువ మందిని తీసుకుపోయింది. అయినా స్వీడన్ నుంచి కొత్త బృందాలు వస్తూనే ఉండటం వల్ల 1850ల్లో ఊరి జనం దాదాపు వెయ్యికి చేరింది. భూమి ఉమ్మడి, వంట ఉమ్మడి, భోజనాలు ఉమ్మడి. అవిసె నార బట్ట నేసి అమ్మేవారు, చీపుళ్ళకు పనికొచ్చే జొన్న పండించేవారు. 1848లో కట్టిన చర్చి ఇప్పటికీ ఉంది: పైన ప్రార్థనామందిరం, కింద ఒక్కో కుటుంబానికి ఒక్కో గది.

1850 మే నెలలో కౌంటీ కేంద్రమైన కేంబ్రిడ్జిలో, కోర్టు ఆవరణలోనే, జాన్ రూట్ అనే వ్యక్తి యాన్సన్‌ను కాల్చి చంపాడు. యాన్సన్ బంధువైన తన భార్యను ఊరు వదిలి రానివ్వడం లేదన్నది అతని పగ. నాయకుడు పోయినా కాలనీ, అంటే ఆ ఉమ్మడి సమాజం, కూలిపోలేదు. 1853 నుంచి ఏడుగురు ధర్మకర్తలు నడిపారు. కానీ 1857 ఆర్థిక సంక్షోభం, అప్పులు, లెక్కల మీద అనుమానాలు కలిసి వచ్చి 1861 నాటికి ఆస్తులు పంచుకున్నారు. అప్పుల వ్యాజ్యాలు ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి సాగాయి.

జనాభా తగ్గడం అక్కడ మొదలైంది. భూమి వాటాలు చేతికి రాగానే కుటుంబాలు ఎవరి పొలాల్లోకి వారు వెళ్ళారు. రైలు మార్గం బిషప్ హిల్‌కు రాకుండా కొద్ది మైళ్ళ దూరంలోని గాల్వా మీదుగా పోయింది కాబట్టి వ్యాపారం అక్కడికి తరలింది. ఇక మూడో కారణం మీ ఉద్యోగానికి దగ్గరిది. ఇక్కడి గడ్డినేల వేళ్ళతో బిగుసుకుపోయి ఉండేది. దాన్ని దున్నగల ఉక్కు నాగలిని 1837లో తయారుచేసిన జాన్ డీర్, 1848లో మోలీన్‌కు మారాడు. ఆ నాగలి నేలను సాగులోకి తెచ్చింది, దాని వెనక వచ్చిన యంత్రాలు ఆ సాగుకు కావలసిన మనుషులను తగ్గించాయి. ఊరి మ్యూజియంలో ఊలోఫ్ క్రాన్స్ వేసిన మొక్కజొన్న నాట్ల చిత్రం ముందు కాసేపు నిలబడండి. ఆడవాళ్ళు పొలం అడ్డంగా వరసకట్టి, చాచిన తాడు గుర్తుల వెంట గింజలు వేస్తుంటారు. రెండు కొసల్లో మగవాళ్ళు ఆ తాడును జరుపుతుంటారు. ఈరోజు ఆ పనంతా ట్రాక్టరు మీద కూర్చున్న ఒక్క మనిషి చేస్తున్నాడు. క్రాన్స్ పన్నెండేళ్ళ వయసులో ఇక్కడికి వచ్చి, పెద్దయ్యాక గాల్వాలో ఇళ్ళకు రంగులు వేస్తూ బతికి, ముసలితనంలో ఆ రోజులను జ్ఞాపకం మీద చిత్రించాడు. నా దృష్టిలో ఆ ఊరికి అంతకన్నా గొప్ప ఆస్తి లేదు.

2000 జనగణనలో ఊరి జనాభా 125, 2010లో 128. కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంట్‌లో అంతకన్నా ఎక్కువ మంది ఉంటారు, నిజమే. కానీ ఆ పదేళ్ళలో ఊరు తగ్గలేదన్నది గమనించండి. పైగా ఊరి పొలిమేర దాటిన పొలాల ఇళ్ళు ఈ లెక్కలోకి రావు. 2020 నుంచి జనగణన శాఖ వ్యక్తుల గోప్యత కోసం చిన్న ఊళ్ళ అంకెలను కావాలనే కొద్దిగా మారుస్తోంది. నెబ్రాస్కాలోని మొనోవైలో ఉన్నది ఒక్కరే అయినా ఇద్దరని నమోదైంది. కాబట్టి ఇంత చిన్న ఊళ్ళో ముగ్గురు నలుగురి తేడాను బట్టి ఊరు పెరుగుతోందనో చస్తోందనో తేల్చకండి.

కాపురం సంగతికి వస్తే, మొదటి ఏడాది మోలీన్‌లోనో మిసిసిపీ నది అవతల బెటెండార్ఫ్‌లోనో ఉండమని నా సలహా. మంచు రోజుల్లో ఆ పొలాల మధ్య రోడ్ల మీద రోజూ ఆఫీసుకు రావడం కొత్తవారికి కష్టం. తర్వాత కూడా మనసు అటే లాగితే, ఇంటర్నెట్, మంచినీళ్ళు, మురుగు ఏర్పాటు విడివిడిగా విచారించి దిగండి. ఊరంతా 1984 నుంచి జాతీయ చారిత్రక స్థలం కనుక, పాత ఇల్లు కొనే ముందు బయటివైపు ఏ మార్పులు చేయవచ్చో గ్రామ కార్యాలయంలో అడగండి.

మరో సభ్యురాలి చేర్పు: పై అన్నగారు చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. సెప్టెంబరులో అక్కడ వ్యవసాయ ఉత్సవం, డిసెంబరులో లూసియా రాత్రులనే స్వీడిష్ దీపాల పండుగ జరుగుతాయి. అప్పుడు వెళితే ఊరివాళ్ళు తీరిగ్గా మాట్లాడతారు. వాళ్ళలో ఆ తొలి కుటుంబాల వారసులు ఉన్నారు. జనాభా ఎందుకు తక్కువని అడగకండి, మీ పెద్దలు ఏ ఊరి నుంచి వచ్చారని అడగండి, స్వీడన్‌లోని ఊరి పేరుతో సహా చెబుతారు. చలికాలంలో మ్యూజియం వేళలు మారతాయి కాబట్టి బయల్దేరే ముందు ఫోన్ చేసి కనుక్కోండి.