ఒక జాతి అంతరించిపోయిందని ఎలా తేలుస్తారు?

నిన్న రాత్రి మా అమ్మాయికి టాస్మానియన్ టైగర్ (ఆస్ట్రేలియాలోని టాస్మానియా దీవిలో ఉండేది) పాత వీడియో చూపించాను. 1933లో తీసింది, నలుపు తెలుపు. పేరుకి పులే గానీ చూడ్డానికి కుక్కలా ఉంటుంది, నడుం దగ్గర్నుంచి తోక దాకా చారలు. నిజానికి కంగారూలాగా సంచి జంతువు. బోనులో అటూ ఇటూ తిరిగి ఒక్కసారి నోరు తెరుస్తుంది చూడండి, దవడ ఊడిపోతుందేమో అనిపిస్తుంది!

గొర్రెల్ని తినేస్తోందని 1888 నుంచి 1909 దాకా టాస్మానియా ప్రభుత్వమే తలకింత అని డబ్బిచ్చి చంపించింది. తీరా 1936 జులైలో రక్షణ ఇచ్చారు. సరిగ్గా 59 రోజులకి అక్కడి హోబర్ట్ నగరం జూలో ఉన్న ఆఖరిది చచ్చిపోయింది.

"అదే ఆఖరిదని వాళ్లకెలా తెలుసు నాన్నా?" అంది. నీళ్లు నమిలాను.

తర్వాత వెతికితే ఇంకా అయోమయం. ఇది అంతరించిందని ఐయూసీఎన్ (ఏ జాతి ఎంత ప్రమాదంలో ఉందో జాబితా వేసే అంతర్జాతీయ సంస్థ) ప్రకటించింది 1982లో, అంటే 46 ఏళ్లకి. హవాయిలోని కవాయి ఓఓ పిట్ట పాట చివరిగా వినబడింది 1987లో, దాన్నేమో 2000లోనే తేల్చేశారు. ఇంత తేడా ఎందుకు? ఆయుష్షుని బట్టా, వెతికిన అడవిని బట్టా? ఆఖరి ప్రాణి చనిపోయిందనడంలో సహేతుకమైన సందేహం ఉండకూడదట, నిర్వచనం అది. ఆ సందేహం తీరిందని ఎలా లెక్కగడతారు?

జీవశాస్త్రం చదివినవాళ్లు, సర్వేలకి వెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే పదేళ్ల పిల్లకి అర్థమయ్యేలా చెప్పండి. నాకూ అదే స్థాయి చాలు.