షాపులో పట్టుబడ్డాక 150 పౌండ్లు కట్టమని లెటర్ వచ్చింది, కట్టాలా?

లెస్టర్ అక్క: మా తమ్ముడు ఇక్కడే మాస్టర్స్ చేస్తున్నాడు. పోయిన నెల సెల్ఫ్ చెకౌట్ దగ్గర రెండు వస్తువులు స్కాన్ చేయకుండా బ్యాగులో వేసుకుని సెక్యూరిటీకి దొరికాడు. వస్తువులు అక్కడికక్కడే లాక్కున్నారు, పోలీసుల్ని పిలవలేదు, పేరూ అడ్రసూ రాసుకుని, ఇంకెప్పుడూ ఈ షాపుకి రావద్దని కాగితం చేతిలో పెట్టి పంపేశారు. ఇప్పుడేమో సివిల్ రికవరీ ఏజెన్సీ అట, 150 పౌండ్లు కట్టు, లేకపోతే కోర్టు, త్వరగా కడితే తగ్గిస్తాం అని లెటర్. తిట్టాల్సింది తిట్టాను, అది వేరే సంగతి. కట్టేస్తే పీడ పోతుందా? వీసాకి ఏమైనా అవుతుందా? వాడు టెన్షన్‌తో తిండి కూడా మానేశాడు.

పాత కాపు: అది ఫైన్ కాదండీ. షాపు తరఫున ఒక ప్రైవేటు కంపెనీ అడుగుతున్న డబ్బు, అంతే. తమకు నష్టం జరిగిందని కోర్టులో చూపించుకోవాల్సింది వాళ్లే. 2012లో ఆక్స్‌ఫర్డ్ కౌంటీ కోర్టులో ఇలాంటి కేసే నడిచింది. ఇద్దరు అమ్మాయిల్ని ఒక్కొక్కరిని 137.50 పౌండ్లు అడిగారు, వస్తువులేమో చెక్కుచెదరకుండా దొరికాయి. సెక్యూరిటీ వాళ్లు జీతం తీసుకునేదే ఆ పనికి కదా, షాపుకి కొత్తగా అయిన ఖర్చేముంది అని జడ్జి కేసు కొట్టేశారు. ఆ తీర్పుకి మిగతా కోర్టులు కట్టుబడి ఉండాలని లేదు, కానీ ఇలాంటి లెటర్ల బలం ఎంతో దాంతో తెలిసిపోయింది.

నిజం చెప్తా: చేసింది దొంగతనం, కట్టేసి వదిలించుకోవడం మర్యాద. ఎందుకొచ్చిన గొడవ?

పాత కాపు: మర్యాద సంగతి సరే, కానీ ఏజెన్సీకి కట్టినంత మాత్రాన పోలీసులకు చెప్పరని గ్యారంటీ ఏముంది? అవి రెండూ వేర్వేరు దారులు.

లీడ్స్ బాబాయ్: అమ్మా, లెటర్ వేరు, కోర్టు క్లెయిమ్ ఫారం (నిజంగా దావా వేస్తే వచ్చే కాగితం) వేరు. ఫారం గనక వస్తే పక్కన పడేయొద్దు, 14 రోజుల్లో జవాబివ్వాలి, లేకపోతే వాళ్లకే తీర్పు వచ్చేస్తుంది, నెలలోపు కట్టకపోతే క్రెడిట్ రికార్డులో 6 ఏళ్లు కూర్చుంటుంది. తీర్పు లేకుండా బెయిలిఫ్‌లు, అంటే కోర్టు తరఫున బాకీ వసూలుకి వచ్చేవాళ్లు, గుమ్మం ఎక్కలేరు. డబ్బు బాకీ ఉన్నానని ఎక్కడా రాసివ్వొద్దు, ముందు సిటిజన్స్ అడ్వైస్ అనే సలహా సంస్థ వాళ్లతో మాట్లాడండి, ఫ్రీ. వీసా ఫారంలో పోలీస్ కాషన్ (పోలీసులు అధికారికంగా ఇచ్చే హెచ్చరిక), శిక్ష లాంటివి చెప్పాలి గానీ ఈ లెటర్ క్రిమినల్ రికార్డు కాదు. కాకపోతే రావద్దన్న ఆ షాపులోకి పాల ప్యాకెట్ కోసం కూడా వెళ్లనివ్వొద్దు, అలా వెళ్లి మళ్లీ ఏదైనా తీస్తే బర్గ్లరీ (చొరబడి దొంగతనం) కేసు కూడా పెట్టొచ్చు.