2 మి.మీ. అంటార్కిటిక్ ఆల్చిప్పల్లో యోల్డియాను గుర్తుపట్టడం ఎలా?

సిగ్నీ ద్వీపం దగ్గరి బురదను 0.5 మి.మీ. జల్లెడలో కడిగితే మిగిలిన చిన్న ఆల్చిప్పలివి. అన్నీ 2–3 మి.మీ. లోపే. కీలు వెంట వరుసగా పళ్ళు, మధ్యలో లిగమెంట్ (రెండు చిప్పలనూ కలిపే సాగే కట్టు) గుంట. అంటే యోల్డియా ఎయిట్సీ అనే ఆల్చిప్ప (ఇప్పుడు ఈక్వియోల్డియా అంటున్నారు) పిల్లలు కావచ్చు, న్యూకులిడే కుటుంబానివీ కావచ్చు.

పెద్దవాటిలో చిక్కేమీ లేదు. యోల్డియాకు సైఫన్లు (నీళ్ళు లోపలికీ బయటికీ పంపే గొట్టాలు) ఉంటాయి కాబట్టి చిప్ప లోపల మాంటిల్ (ఒంటిని కప్పే పొర) అంటుకున్న గీత వెనకవైపు లోపలికి వంగుతుంది. న్యూకులిడేలో ఆ వంపు ఉండదు, లోపల ముత్యపు మెరుపు ఉంటుంది. ఈ సైజులో వంపు కనబడటం లేదు. మెరుపునూ నమ్మలేం: నిల్వకు వాడిన ఫార్మాలిన్‌లో ఆమ్లాన్ని విరిచే బోరాక్స్ కలపలేదు, ఆమ్లం సున్నాన్ని తినేసి చిప్పలు సుద్దలా అయ్యాయి. 70 శాతం ఇథనాల్‌లోకి మార్చేసరికే ఆలస్యమైంది.

పళ్ళు కనబడేలా శుభ్రం చేయడానికి బ్లీచ్‌ను పదింతలు పలచన చేసి వాడితే మాంసం కరుగుతోంది, కానీ పది నిమిషాలు దాటితే పళ్ళు విరుగుతున్నాయి.

పళ్ళ లెక్క పనికొస్తుందా? వయసుతో పెరుగుతుంది కదా, ఉంబోకు (చిప్ప పైనున్న ముక్కులాంటి కొసకు) ముందువీ వెనకవీ విడిగా లెక్కపెట్టాలా? లేక మాంసానికి పట్టే రోజ్ బెంగాల్ రంగు వేసి, చిప్ప తెరిచి సైఫన్లనే వెతకడం మేలా? డీఎన్ఏ మాట మాత్రం వద్దండీ, ఫార్మాలిన్‌లో ఉంచిన సరుకిది, డీఎన్ఏ సరిగా దొరకదు.