చర్చ: అపార్ట్‌మెంట్ పైసలతో ఇంటింటికీ ఫైర్ బ్లాంకెట్ కొనుడు అక్కెరనా?

పాలమూరు_ఫ్లాట్
మహబూబ్‌నగర్‌ల మాది ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. ఈ నడుమ మూడో అంతస్తుల ఒకరింట్ల పొయ్యి మీద నూనె అంటుకున్నది. పక్కింటాయన ఉరికొచ్చి స్టవ్ బంద్ చేసి కడాయి మీద పెద్ద పళ్లెం మూసిండు. చిమ్నీ మసైంది, మనుషులకైతే ఏం కాలే. అప్పటిసంది మా సెక్రటరీ సార్‌కు ఒకటే పట్టు. మెయింటెనెన్స్ పైసలల్లకెంచి ప్రతి ఫ్లాట్‌కు ఒక ఫైర్ బ్లాంకెట్ కొనాలంటున్నడు, మీటరుకు మీటరు సైజుది. చూడనోళ్లకు చెప్తున్న: గాజు నారతోటి నేసిన దుప్పటి అది. ఎర్ర సంచిల మడతపెట్టి గోడకు తగిలిస్తరు. కిందికి రెండు పట్టీలు వేలాడుతుంటయి, గుంజితే చేతిలకొస్తది. మంట మీద కప్పితే గాలాడక ఆరుతది.
నేను వద్దన్న. ఆ పైసలతోటి అందరి గ్యాస్ పైపులు మార్పిద్దామన్న. ఆదివారం మీటింగ్ ఉన్నది. మీరేమంటరు?

దేవరకొండ_ఆడబిడ్డ
కొనాలె అంట. మా అత్తమ్మకు డెబ్బై దాటినయి. ఆ ఎర్ర ఎక్స్‌టింగ్విషర్ ఆమెతోటి లేవది, పిన్ను గుంజుడు, నాజిల్ పట్టుడు అసలే తెల్వది. దుప్పటి కప్పుడైతే ఎవరికైనా వస్తది. అన్నా, మీరు మీటింగుల కూసొని పైపా, బ్లాంకెటా అని లెక్కలేస్తరు. పొయ్యి ముంగట నిలబడేది మేము. నైటీకి మంటంటుకుంటే పైపు మార్పించిన రసీదు కప్పుకోవాల్నా?

పొయ్యి_రిపేర్_నకిరేకల్
అక్కా, కోపం చెయ్యకు. నేను ఊర్లు తిరిగి గ్యాస్ పొయ్యిలు బాగుచేస్త. నేను చూసేది చెప్త, ఆ తర్వాత మీ ఇష్టం.
ఆరెంజ్ కలర్ సురక్ష పైపు ఐదేండ్లకోసారి మార్చాలె. తారీఖు పైపు మీదనే అచ్చేసి ఉంటది. దాన్ని చదివినోళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పైపు మీద జిడ్డు పేరుకుంటది, జిడ్డు వాసనకు ఎలుకలొస్తయి, పండ్ల గాట్లు పెడతయి. కొందరు పొడుగు చాలలేదని రెండు ముక్కలు అతుకేస్తరు. కొత్త ఇండ్లల్ల ఇంకో కథ. ఇంటీరియర్ చేసేటోళ్లు గ్రానైట్‌కు తొర్ర కొట్టి పైపును అండ్లకెంచి తీస్తరు. రాయి అంచుకు రాసుకొని రాసుకొని పైపు ఎంత పల్చగైందో పైకి కనపడదు. సిలిండర్ మూతి లోపల నల్ల రబ్బరు రింగు ఉంటది. అది చీలితే రెగ్యులేటర్ ఎంత గట్టిగ బిగించినా సన్నగ లీకైతనే ఉంటది. సబ్బు నురుగు రాస్తే బుడగలు లేస్తయి, అగ్గిపుల్ల గీసి మాత్రం చూడకుండ్రి. చూసేటోళ్లు ఇంక ఉన్నరు.
గ్యాస్ గాలికన్న బరువు, పైకి పోదు, నేల పట్టుకొని పరుచుకుంటది. కింద కప్‌బోర్డుల సిలిండర్ పెట్టి తలుపేస్తే అండ్లనే నిండుతది. తెల్లారి లైటు స్విచ్ వేస్తే అయ్యే దానికి ఏ దుప్పటి అడ్డం పడ్తది?

దేవరకొండ_ఆడబిడ్డ
పైపు మార్చొద్దని నేనన్ననా అన్నా? పైపుకూ సిలిండర్‌కూ ఏజెన్సీ ఉన్నది, తనిఖీ ఉన్నది. పైపు మార్చుడు ఎవరింటి పని వాళ్లది. దానికి అందరి పైసలెందుకు?

పాలమూరు_ఫ్లాట్
చెల్లె, అట్లైతే బ్లాంకెట్ కూడ ఎవరింటిది వాళ్లే కొనుక్కోవాలె గద! పక్కింటోడి పైపు లీకైతే మా ఇల్లు కూడ లేస్తది. పక్కింటోడి నైటీ అంటుకుంటే మాకేం కాదు. కఠినంగ అనిపిస్తదేమో గని, ఉమ్మడి పైసలు ఉమ్మడి ముప్పుకే పెట్టాలె.

గొంగడి_చాలు
ఇదంతా ఆన్‌లైన్ అమ్మకాల మాయ. మన పాలమూరు గొంగడి ఉండంగ గాజు దుప్పటెందుకు? ఉన్ని తొందరగ అంటుకోదు. అంటుకున్నా సెగ తీసేస్తే దానంతటదే ఆరుతది. నూలు, పాలిస్టర్ లెక్క భగ్గుమనదు. తడిపి కప్పితే ఇంక మంచిది.

నల్లగొండ_రిటైర్డ్_ఫైర్‌మన్
గొంగడి తమ్ముడు ఉన్ని గురించి చెప్పింది నిజం. ఒంటిమీది బట్టలు అంటుకున్న మనిషిని పడుకోబెట్టి గొంగడి చుట్టి దొర్లించమని మేమూ చెప్పేవాళ్లం. కానీ "తడిపి కప్పితే ఇంకా మంచిది" అన్న మాట చదివి నాకు గుండె ఝల్లుమంది. దేనిమీద కప్పుతావు తమ్మీ?
కాగుతున్న నూనె సుమారు 350 డిగ్రీల దగ్గర అగ్గిపుల్ల అవసరం లేకుండానే అంటుకుంటుంది. నీళ్లు నూనెకంటే బరువు కాబట్టి అడుక్కి దిగుతాయి, దిగుతూనే ఆవిరవుతాయి. లీటరు నీళ్లు ఆవిరైతే సుమారు 1700 లీటర్ల చోటు ఆక్రమిస్తాయి. ఆ ఆవిరి మండే నూనెను తుంపరలుగా చిమ్ముతూ పైకి లేస్తుంది, మంట స్లాబుకు తగులుతుంది. చెంబు నీళ్లు పోసినా అంతే. నీళ్లు కారే గొంగడి కప్పినా అంతే.
తడి గోనెసంచి వాడేది సిలిండర్ మంటకు. స్కూళ్లలో డెమో ఇచ్చేటప్పుడు సిలిండర్ మూతి దగ్గర మంట పెట్టి, తడి గోనె కప్పి ఆర్పి చూపించేవాళ్లం. చూసేవాళ్లంతా గోనె వైపే చూసి చప్పట్లు కొట్టేవాళ్లు. గోనె కప్పిన వెంటనే చెయ్యి నాబ్ మీదకు పోవడం ఎవరి కంటా పడేది కాదు. మంట ఆరి గ్యాస్ ఆగకపోతే అది మంటకంటే ప్రమాదం, గది నిండా గ్యాస్ పరుచుకుని ఇంకో నిప్పు కోసం ఎదురుచూస్తుంది. అందుకని ఇంట్లోవాళ్లు చేయాల్సింది, రెగ్యులేటర్ చేతికి అందితే కట్టేయడం, అందకపోతే అందరూ బయటికొచ్చి 101కు ఫోన్ చేయడం. మంట లేదు, వాసన మాత్రమే వస్తోందంటే రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు తెరిచి, ఏ స్విచ్చూ ముట్టకుండా బయటికొచ్చి గ్యాస్ లీకుల హెల్ప్‌లైన్ 1906కు చేయండి.
ఇక కడాయి సంగతి. ముందు స్టవ్ బంద్. మంట దాటి చెయ్యి పెట్టాల్సి వస్తే అది వదిలేయండి, కింద రెగ్యులేటర్ కట్టేయండి. తర్వాత కడాయికంటే వెడల్పైన స్టీలు పళ్లెమో, సిబ్బో మీవైపు నుంచి అవతలి వైపుకు జరుపుతూ మూయండి. గాజు మూత వద్దు, వేడికి పగులుతుంది. మూసిన తర్వాత అరగంటయినా తెరవద్దు. మంట కనబడకపోయినా నూనె వేడి అలాగే ఉంటుంది, గాలి తగిలితే మళ్లీ లేస్తుంది. అన్నిటికంటే పెద్ద తప్పు, మండే కడాయిని పట్టుకుని బాల్కనీకి పరుగెత్తడం. మంట అంతకంతకూ పెరుగుతూ, కప్పడానికి ఏమీ దొరక్కపోతే తలుపు లాగి మూసి బయటికి రండి.

సూర్యాపేట_నుంచి_రోటర్‌డామ్
బ్లాంకెట్ వైపు వాదించేవాళ్లు ఇది కూడా చూడాలి. నేనుండే నెదర్లాండ్స్‌లో 2014లో ప్రభుత్వ సంస్థ ఒకటి మార్కెట్లో అమ్మే ఫైర్ బ్లాంకెట్లను నూనె మంట మీద పరీక్షించింది. చాలావాటిలో నూనె, దాని ఆవిరి నేతలోంచి పైకొచ్చి బ్లాంకెట్ పైభాగంలోనే మంట లేచింది. అప్పటినుంచి ఇక్కడ ఫైర్ వాళ్లు చెప్పేది ఒకటే: నూనె మంటకు బ్లాంకెట్ వద్దు, మూత వేయండి. యూరప్‌లో బ్లాంకెట్లకు ఈఎన్ 1869 అని ఒక ప్రమాణం ఉంది. దాన్ని 2019లో సవరించారు. మీ సెక్రటరీ గారు తెప్పించేవాటి మీద ఏ ప్రమాణం ఏ సంవత్సరం అని అచ్చు ఉందో అడగండి. ఏమీ లేకపోతే అది ఎర్ర సంచిలో ఉన్న గాజు గుడ్డ, అంతే.

లెక్కల_పంతులు_నాగర్‌కర్నూల్
అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. వంటింట్ల ఎక్కువ అంటుకునేది నూనె. బ్లాంకెట్ మీద నమ్మకం లేనిదీ నూనె దగ్గరనే. సంచి మీద మండే కడాయి బొమ్మ ఉంటది. గోడకు ఎదురుంగ ఆ బొమ్మ వేలాడుతుంటే, పానం మీదికొచ్చినప్పుడు మనిషి పళ్లెం కోసం దేవులాడుతడా, ఎర్ర పట్టీలు గుంజుతడా? "దీనికి వాడు, దానికి వాడకు" అని మీటింగుల చెప్తరు. ఆ క్షణంల ఎవరికి యాదికుంటది? తప్పుగ వాడే అవకాశమే ఎక్కువున్న వస్తువును ఊరంతటికీ పంచుడు నాకు సమజైతలేదు.

దేవరకొండ_ఆడబిడ్డ
సార్, మీ లెక్కల ఒకటి తప్పిపోయింది. బ్లాంకెట్ లేకుంటే ఆ క్షణంల చేతికొచ్చేది పళ్లెం కాదు, బిందెల నీళ్లు. పక్కనే సింకు ఉంటది. నీళ్ల కన్న ఆ గాజు గుడ్డే నయం గద?

లెక్కల_పంతులు_నాగర్‌కర్నూల్
నీళ్ల కన్న నయమే, ఒప్పుకుంట. దానికైతే పొయ్యి పక్కన మేకు కొట్టి పెద్ద పళ్లెం ఒకటి తగిలియ్యి. పైసా ఖర్చు లేదు.

వనపర్తి_స్టాఫ్‌నర్స్
మీరంతా కడాయి చుట్టే తిరుగుతున్నారు. కాలి ఆస్పత్రికి వచ్చేవాళ్లలో నేను చూసేది బట్టలు అంటుకున్న ఆడవాళ్లను. వెనక బర్నర్ మీది గిన్నె దించబోతే ముందు బర్నర్ మంట చున్నీకో, నైటీ చేతికో తగులుతుంది. నైలాన్, పాలిస్టర్ కరిగి ఒంటికి అంటుకుంటుంది. ఇంట్లోవాళ్లు ఏం చేయాలో తెలియక చేతులతో కొడతారు. ఆమె భయపడి పరుగెత్తుతుంది, గాలికి మంట పెద్దదవుతుంది. అక్కడ బ్లాంకెట్ నిజంగా పనికొస్తుంది, కాబట్టి నా ఓటు దేవరకొండ చెల్లెకే.
కానీ మీటరుకు మీటరుది ఎవరు తెమ్మన్నారు? పెద్దమనిషి ఒంటికి అది ఏ మూలకు? 1.2 మీటర్లకు 1.8 మీటర్లది ఉంటుంది, మెడ కింద నుంచి కాళ్ల దాకా చుట్టడానికి వస్తుంది. మెడ దగ్గర నుంచి కిందికి చుట్టాలి. మొహం మీదికి మంట, పొగ పోకుండా ఉంటుంది. పడుకోబెట్టాలి, నిలబెట్టి చుట్టొద్దు.
మంట ఆరాక నల్లా కింద 20 నిమిషాలు చల్లటి నీళ్లు. ఐసు వద్దు. గాజులు, ఉంగరాలు వాపు రాకముందే తీసేయాలి. ఒంటికి అంటుకున్న గుడ్డ పీకొద్దు. పేస్టు, ఇంకు, పసుపు పూసుకుని వస్తారు, మేం అదంతా కడగాలి, ఆ నొప్పి వాళ్లకే. 108 వచ్చేదాకా నీళ్లు పోస్తూ ఉంటే చాలు.

పాలమూరు_ఫ్లాట్
సిస్టర్, ఇది మా మీటింగుల ఎవరికీ తట్టలే. ఆ చిన్న సైజు కడాయికి నమ్మకం లేదు, మనిషికి సరిపోదు. మరి దేనికి తెస్తున్నరు?

గొంగడి_చాలు
మనిషికి గొంగడి సరిపోతది అని మొదలే చెప్పిన.

వనపర్తి_స్టాఫ్‌నర్స్
సరిపోతుందన్నా, నిజమైన ఉన్నిదైతే. ఈమధ్య బజారులో దొరికేవి సగం సింథటిక్ కలిపినవి. అంచులోంచి ఒక పోగు పీకి కాల్చి చూడండి. వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య నలిగిపోతే ఉన్ని. ప్లాస్టిక్ లాగా కరిగి గట్టి ముద్దయితే వంటింటి దరిదాపుల్లో పెట్టొద్దు. ఇంకోటి, మీ గొంగడి అటక మీద పెట్టెలో ఉంటుంది. పెట్టె తీసేలోపల ఏమవుతుందో నేను చెప్పనక్కర్లేదు.

మిర్యాలగూడ_మెస్
అన్నలూ, నాది మెస్సు. పండుగలప్పుడు సకినాలు, గారెలు ఆర్డర్ మీద చేస్తం, కడాయి రెండు చేతులు చాపినంత ఉంటది. దానికి సరిపోయే బ్లాంకెట్ యాడ దొరుకుతది?

నల్లగొండ_రిటైర్డ్_ఫైర్‌మన్
మెస్‌కు బ్లాంకెట్ ఆలోచన మానేయి నాయనా. అంత నూనె దగ్గరికి దుప్పటి పట్టుకుని పోవడమే ప్రాణాపాయం. మామూలుగా దొరికే ఏబీసీ పౌడర్ ఎక్స్‌టింగ్విషర్ కూడా దగ్గర్నుంచి కొడితే ఆ ఊపుకు నూనె చిమ్ముతుంది. పైగా పౌడర్ నూనెను చల్లబరచదు, మళ్లీ అంటుకుంటుంది. వంట నూనె మంటకని వెట్ కెమికల్ ఎక్స్‌టింగ్విషర్ ప్రత్యేకంగా ఉంటుంది. అందులో పొటాషియం లవణాల ద్రవం నూనె మీద సబ్బు నురగలా తెట్టు కడుతుంది, నూనెను చల్లబరుస్తుంది. అది తెచ్చుకో. కడాయికి సరిపడా రేకు మూత కూడా చేయించి పెట్టుకో, వెల్డింగ్ షాపులో చేసిస్తారు, పిడి పొడుగ్గా పెట్టించు.

పాలమూరు_ఫ్లాట్
ఈ చర్చ మొత్తం సెక్రటరీ సార్‌కు పంపిన. జవాబు వచ్చింది: "అడ్వాన్స్ ఇచ్చేసిన, వాపస్ రాదు."

దేవరకొండ_ఆడబిడ్డ
మీటింగు కాకముందే అడ్వాన్సెట్ల ఇచ్చిండు? నేను బ్లాంకెట్ కావాలన్నదాన్నే, అయినా గా చిన్నది నాకొద్దు. పైసలు వాపస్ రాకుంటే సైజు మార్చుమనున్రి, తక్కువ పడ్డది నేను కట్టుకుంట. మా అత్తమ్మకు చుట్టడానికి వచ్చేదే కావాలె.

నల్లగొండ_రిటైర్డ్_ఫైర్‌మన్
సైజు మార్చినా, మార్చకపోయినా పొయ్యి పైన గోడకు మాత్రం తగిలించొద్దని చెప్పండి. మంట దాటి చెయ్యి పెట్టి తీయాల్సి వస్తుంది. వంటింటి తలుపు పక్కన, అత్తమ్మ గారి చేతికి అందే ఎత్తులో. ఒక్కసారి మంటకు వాడింది మళ్లీ మడతపెట్టి దాచొద్దు.

పొయ్యి_రిపేర్_నకిరేకల్
పాలమూరు అన్నా, బ్లాంకెట్ల లొల్లి మీరు చూసుకోండ్రి. పైపులకైతే ఆదివారం పొద్దుగాల నేనొస్త, ఐఎస్ఐ మార్కువే పట్టుకొస్త, రేటు పైపు మీదున్నదే. ఒక్కటే షరతు. పాత పైపులు అక్కడనే ముక్కలు కోసి పడేస్త. లేకుంటే సాయంత్రానికల్ల ఎవరో ఒకరు చిన్న సిలిండర్‌కు పనికొస్తదని ఇంటికి మోసుకపోతరు.