మిద్దె మీద మాక్రో: 50 ఎంఎం లెన్స్‌కి ట్యూబులా, రివర్స్ రింగా?

కుండీల_కెమెరా (15 మే 2021)
హైదరాబాద్‌లో పొద్దున 6 నుంచి 10 దాకానే లాక్‌డౌన్ సడలింపు. అది ఎన్నాళ్లో తెలీదు, జీతం సంగతీ తెలీదు, కాబట్టి మాక్రో లెన్స్ (పురుగుల్లాంటి చిన్నవాటిని బాగా దగ్గర్నుంచి తీసేది) మాటే లేదు. మిద్దె మీద కరివేపాకు, నిమ్మ, మందారం కుండీలున్నాయి. చేతిలో ఉన్నది క్రాప్ (చిన్న) సెన్సర్ కెనాన్, 50 ఎంఎం ఎఫ్/1.8 ఎస్‌టీఎం (మోటారుతో ఫోకస్ అయ్యే) లెన్స్. లెన్స్‌కీ కెమెరాకీ మధ్య పెట్టే బోలు ట్యూబులా, లెన్స్‌ని తిరగేసి బిగించే రివర్స్ రింగా, ఏది తీసుకుంటే మంచిది?

రింగు_రాజా
ట్యూబులేనండి, కాకపోతే లోపల కాంటాక్ట్ పిన్నులున్నవే కొనండి. పిన్నుల్లేనివి చవకే గానీ, వాటితో అపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచి 1.8 దగ్గరే ఉండిపోతుంది. పైగా ఎస్‌టీఎం లెన్సుకి కరెంటు అందకపోతే ఫోకస్ రింగు తిప్పినా లోపల ఏదీ కదలదు. రివర్స్ రింగుతోనూ ఇదే తంటా, దానికితోడు వెనక గాజు దుమ్ముకి ఎదురుగా ఉంటుంది.

సెట్లో 12, 20, 36 ఎంఎం ట్యూబులొస్తాయి. ఎంత పెద్దగా పడుతుందో తెలియాలంటే ట్యూబు పొడవుని 50తో భాగించి, ట్యూబు లేకుండా లెన్స్ ఇచ్చే సొంత 0.21 రెట్లు కలపండి. 36 ఒక్కటే పెడితే 0.93, అంటే దాదాపు 1:1 (సెన్సర్ మీద పురుగు అసలు సైజులోనే పడుతుంది). మూడూ కలిపితే 1.5 దాటుతుంది, కానీ చేత్తో పట్టుకుని తీయడం నరకం.

మందారం_మొగ్గ
ట్యూబులు సరే, అసలు చిక్కు వెలుతురుతో. 1:1లో ఎఫ్/8 పెట్టినా ఫోకస్‌లో ఉండేది అర మిల్లీమీటరు పైచిలుకే. పోనీ ఎఫ్/22కి వెళ్దామంటే డిఫ్రాక్షన్‌తో (సన్న రంధ్రంలో కాంతి చెదరడంతో) బొమ్మంతా మెత్తబడుతుంది, ఎందుకంటే ఆ దగ్గరలో ఎఫ్/8 అన్నదే ఎఫ్/16లా పనిచేస్తుంది. ఎఫ్/8 దగ్గరే ఆగి, సెన్సర్‌ని పురుగు ఒంటికి సమాంతరంగా పట్టండి.

మాన్యువల్ మోడ్, 1/200, ఐఎస్‌ఓ 200, ఫ్లాష్ పవర్ 1/16తో మొదలెట్టండి. కెమెరా మీది బుల్లి ఫ్లాష్ వాడితే ట్యూబుల నీడ ఫ్రేము కింద పడుతుంది. కొత్త టీవీకి చుట్టి వచ్చే తెల్ల ఫోమ్ షీటుని రెండు పొరలుగా మడిచి, ఫ్లాష్ ముందు నుంచి లెన్స్ కొస దాకా గొడుగులా వంచి రబ్బరు బ్యాండు వేయండి. నీడ పోతుంది, అక్షింతల పురుగు వీపు మీద తెల్ల చుక్కలా కాలే మెరుపూ తగ్గుతుంది. ఫోకస్ రింగు ముట్టుకోకుండా మీరే ముందుకీ వెనక్కీ ఊగుతూ, కన్ను స్పష్టంగా కనబడ్డప్పుడు నొక్కాలి. గాలికి కొమ్మ ఊగుతుంటే పుల్ల గుచ్చి, బట్టల క్లిప్పుతో పట్టించండి.

ఆకు_వెనకాల
సామాను సరే, వెతకాల్సింది ఎక్కడో కూడా చెప్పాలిగా. నిమ్మ, కరివేపాకు లేత ఆకుల మీద మిల్లీమీటరంత లేత పసుపు సీతాకోకచిలుక గుడ్లు ఒక్కొక్కటిగా ఉంటాయి. వాటినుంచి వచ్చే గొంగళి మొదట్లో అచ్చం పిట్ట రెట్టలా ఉండి, తర్వాత పచ్చబడుతుంది. కదిలిస్తే తల వెనక నుంచి ఎర్రటి జంట కొమ్ము బయటపెట్టి కంపు కొడుతుంది. ఫొటో కోసం పదేపదే గుచ్చి విసిగించకండి. మందారం మొగ్గల కింద పేనుబంక ఉంటే చీమలూ అక్కడే ఉంటాయి, మందు కొట్టేలోపు ఫొటో తీసేసుకోండి!

వచ్చే నెల ఆరుద్ర కార్తెకి వానలు పడితే ఇంటి ముందు మట్టిలో ఆరుద్ర పురుగులు కనిపించొచ్చు. మఖ్మల్ లాంటి ఆ ఎరుపుకి కెమెరా తేలిగ్గా మోసపోతుంది. మామూలు హిస్టోగ్రాం (కెమెరా చూపే వెలుతురు గ్రాఫు) బాగానే కనిపిస్తున్నా రెడ్ ఛానెల్ (ఎరుపు వెలుతురు) అప్పటికే హద్దు దాటి పేలిపోయి, వెంట్రుకలన్నీ ఒకే ఎర్ర ముద్దలా వస్తాయి. మూడు రంగుల్నీ విడిగా చూపే ఆర్‌జీబీ హిస్టోగ్రాం పెట్టుకుని, ఫ్లాష్‌ని ఒక స్టాప్ (అంటే సగానికి) తగ్గించి, రా ఫైల్‌లో (సెన్సర్ డేటా అంతా ఉండే ఫైల్) తీయండి.